ఎడమ పక్క మోటారు

మూడో రాత్రి కూడా ఎడమ పక్కదే పడిపోయింది.
ట్రిప్పు.
బెల్టు మీది తోతాపురి కాయలు
యాడివాడ నిలబడిపోయినాయి, నీళ్ళు కారతా.
గేటు బయట గుడిపాల రోడ్డు పొడుగునా లారీలు.
ఒకడు హారను మీదినించి చెయ్యి తీయడు.
తెల్లారేసరికి కాయ మెత్తబడితే టన్నుకు ఎంత తెగుతుందో
వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మేనేజరు ధనశేఖర్ ఒకటే మాట:
"ఆ మోటారు పీకి పారేయమ్మా, కొత్తది తెప్పిస్తా."
రెండు మాట్లు రీవైండింగుకు పోయొచ్చింది అది.
చర్చి వీధిలో దస్తగిరి భాయ్
వార్నిష్ వాసన ఆరకముందే నా చేతికిచ్చి
"దీంట్లో తప్పేం లేదు బిడ్డా" అన్నాడు, రెండు మాట్లూ.
రెండు మాట్లూ నేను నమ్మలేదు.

ఒకటే షాఫ్టు. రెండు కొసలా రెండు మోటార్లు.
రెండూ పది హార్స్‌పవరే, ఒకే కంపెనీ, ఒకే ఏడు కొన్నవి.
క్లాంప్ మీటరు తగిలించినాను.
ఎడమ ఇరవై ఒకటి.
కుడి ఆరు.
ఆరు ఆంపియర్లంటే ఊరికే తిరగడానికి.
పనికి పొయ్యేవాళ్ళతో కలిసి
చేతులూపుకుంటా నడిచేదానికి.

ఇంక అప్పుడు చేసినాను, మొదటి రోజే చేయాల్సిన పని.
గురప్పా నేనూ చైన్ బ్లాకు కట్టి
దస్తగిరి మోటారును కుడికి,
కుడిదాన్ని ఎడమకు.
రెండు గంటలు. గురప్ప నన్నేమీ తిట్టలేదు,
చైనును తిట్టినాడు.
స్విచ్చి ఏస్తే
మళ్ళీ ఎడమే ఇరవై.
కుడి పక్కకు పోయిన దస్తగిరి మోటారు
చల్లగా, పిల్లి మాదిరి గురగురమంటా ఉండాది.

జబ్బు మనిషిది కాదు, తావుది.

కాయలేరే మునెమ్మ గ్లౌజులు విప్పుకుంటా వచ్చింది.
"గంప ఇద్దరం పట్టుకుంటాం కదమ్మీ,
నేను రవ్వంత బిరీన నడిస్తే
ముందు నా రెట్టే లాగుతుంది.
సెల్వి ఎనకాల ఉత్త చెయ్యి ఆనించుకోనొస్తాది.
దాన్ని అంటే ఏడుస్తాది, నేనేం చేసినా అని."
చెప్పేసి టీ తాగను పొయ్యింది.

టాకోమీటరు ఎతుక్కొచ్చినాను.
ఎడమ నిమిషానికి పద్నాలుగు వందల పదిహేను చుట్లు.
కుడి పద్నాలుగు వందల తొంభై ఆరు.
షాఫ్టు ఒకటే అయినప్పుడు
ఈ ఎనభై చుట్లు యాడికి పోతా ఉండాయి?

కుడి పుల్లీ గార్డు ఊడదీసి టార్చి ఏసి చూస్తే,
గాడిలో బెల్టు దిగబడిపోయుండాది.
నాలుగు మిల్లీమీటర్లు.
తొమ్మిది సీజన్ల పిండీ జీడీ తిని
ఇనుము అద్దం మాదిరి అరిగిపోయింది.
ఎడమది పోయినేడు నేనే మార్చిన పుల్లీ.
కొత్తది.
బెల్టు పైఅంచున కూర్చుని
షాఫ్టును రవ్వంత ముందుకు తోస్తా
మొత్తం బరువు అదే మోస్తా ఉండాది.
చిన్నబడిన పుల్లీతో కుడిది
ఎంత తిరిగినా దాని చేతికి బరువందదు.
సోమరి కాదు పాపం.
పోయినేడు ఒక పక్కే మార్చి డబ్బు మిగిల్చిన దాన్ని
నేను.

నాలుగున్నరకు రెండు పుల్లీలూ మార్చినాం,
బెల్టులు ఒకే జోడువి, ఒకే బిగువు.
పదమూడు. పన్నెండు.
సరిసమానమేం కాదు,
కాయలు మాత్రం కదిలినాయి.
హారను ఆగిపోయింది. వాడు నిద్రపోయినట్టుండాడు.

రిజిస్టరులో ధనశేఖర్ రాసినాడు:
ఎడమ మోటారు లోపం, సరిచేయబడినది.
పెన్ను అడిగి తీసుకుని
"ఎడమ" కొట్టేసినాను.
ఆ తావులో ఏం రాయాలో తోచలేదు.
పొద్దున్నే చర్చి వీధికి పోయి
దస్తగిరి భాయ్ అంగడి తలుపు తీసేదాకా
మెట్టు మీద కూర్చున్నాను,
సంచిలో అరిగిన పుల్లీతో.